కార్ సీటా, క్యారీకాటా: స్ట్రోలర్ ఫ్రేమ్ మీద పసిబిడ్డను దేనిలో పడుకోబెట్టాలి?

ఆన్‌లైన్ షాపింగ్ సైట్లలో పసిపిల్లల సామాన్ల కోసం వెతికితే 'క్యారీకాట్ కమ్ కార్ సీట్' అనే పేరు తరచూ కనిపిస్తుంది. పైన ఒక హ్యాండిల్, లోపల మెత్తటి పరుపు, బిడ్డను పట్టి ఉంచే బెల్టులు ఉంటాయి. కారులో సీటుగా, ఇంట్లో ఊగే కుర్చీగా, బయటకు వెళ్లేటప్పుడు చేత్తో పట్టుకెళ్లే బుట్టగా ఇదొక్కటే చాలని అమ్మేవాళ్లు చెబుతారు. ఇంకొంచెం ఖర్చు పెడితే ఇదే సీటును చక్రాల ఫ్రేమ్ మీద బిగించి స్ట్రోలర్‌గా నడిపించే 'ట్రావెల్ సిస్టమ్' కూడా దొరుకుతుంది.

ఒకే వస్తువు ఇన్ని పనులకు వస్తుందంటే కొనేవాళ్లకు సంతోషమే. కానీ ఆ పేరులో కలిసిపోయిన రెండు వస్తువులు నిజానికి ఒకటి కావు. క్యారీకాట్ అంటే బిడ్డ వెల్లకిలా, బల్లపరుపుగా పడుకునే చిన్న పడక. కార్ సీట్ అంటే ప్రమాదం జరిగితే బిడ్డ ప్రాణం కాపాడటానికి ఏటవాలుగా తయారుచేసిన రక్షణ సాధనం. ఒకటి నిద్ర కోసం, మరొకటి ప్రయాణం కోసం. కార్ సీటునే గంటల తరబడి పడకగా వాడితే బిడ్డ ఊపిరికి అడ్డం రావొచ్చని పిల్లల వైద్యులు చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు.

ఏటవాలుగా ఎందుకు ఉంటుంది?

పసిపిల్లల కార్ సీటును కారు వెనుక సీటులో, బిడ్డ ముఖం కారు వెనుక అద్దం వైపు ఉండేలా బిగిస్తారు. కారు దేన్నైనా ఎదురుగా ఢీకొంటే బిడ్డ శరీరం ముందుకు తూలబోతుంది. అప్పుడు ఆ తాకిడి మెడ మీద ఒక్కచోటే పడకుండా, సీటు వెన్నుభాగం బిడ్డ తల, మెడ, వీపు మొత్తానికి ఆసరాగా నిలుస్తుంది. నవజాత శిశువు తల శరీరం పొడవులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. మెడ కండరాలకు ఆ బరువును నిలిపే శక్తి ఇంకా రాదు. అందుకే ఈ అమరిక.

సీటు మరీ నిటారుగా ఉంటే బిడ్డ తల ముందుకు వాలిపోతుంది. మరీ పడుకున్నట్టు ఉంటే ఢీకొన్నప్పుడు బిడ్డ బెల్టుల్లోంచి పైకి జారిపోయే ప్రమాదం ఉంది. ఈ రెండింటికీ మధ్య రాజీగా కుదిరినదే సుమారు 45 డిగ్రీల వాలు. అంటే ఆ కోణాన్ని ఎంచుకున్నది నిద్ర సౌకర్యం కోసం కాదు. కారు ప్రమాదం అనే పెద్ద ముప్పును తప్పించడానికి, ఊపిరి విషయంలో ఒప్పుకున్న చిన్న రాజీ అది.

ఆ రాజీ వల్ల కలిగే మేలు తక్కువేమీ కాదు. కార్లలో ఏడాదిలోపు పిల్లలకు ప్రమాదంలో మరణించే ముప్పును సరైన చైల్డ్ సీట్ 71 శాతం తగ్గిస్తుందని అమెరికా రహదారి భద్రతా సంస్థ అంచనా. అయితే ఈ మేలంతా కారు కదులుతున్నప్పుడే. అదే సీటును కారులోంచి తీసి చక్రాల ఫ్రేమ్ మీద పెట్టి షాపింగ్ మాల్‌లో తిప్పుతుంటే కారు ప్రమాదం ముప్పు ఉండదు. రాజీ మాత్రం అలాగే మిగిలిపోతుంది.

ఊపిరికి ఎలా అడ్డం వస్తుంది?

పసిబిడ్డల తల వెనుక భాగం కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. వీపుకు ఆనుకునే సీటులో కూర్చోబెడితే ఆ ఉబ్బు తలను ముందుకు నెడుతుంది. బిడ్డ నిద్రపోయాక కండరాలు వదులై గడ్డం మెల్లగా ఛాతీకి ఆనుకుంటుంది. అప్పుడు గొంతు దగ్గర గాలి వెళ్లే దారి మడతపడి ఇరుకవుతుంది.

పెద్దవాళ్లకైతే ఇది మహా అయితే గురక. పసిబిడ్డకు అలా కాదు. నవజాత శిశువు శ్వాసనాళం వెడల్పు నాలుగైదు మిల్లీమీటర్లే. గొట్టం వెడల్పు సగానికి తగ్గితే గాలికి ఎదురయ్యే నిరోధం రెట్టింపుతో ఆగదు, సుమారు 16 రెట్లవుతుంది. పెద్దవాళ్లు ఊపిరి అందకపోతే ఉలిక్కిపడి లేస్తారు, తల పక్కకు తిప్పుకుంటారు. మొదటి కొన్ని నెలల్లో బిడ్డకు తల ఎత్తి సర్దుకునే బలం ఉండదు.

అన్నింటికన్నా ఆందోళన కలిగించేది ఏమిటంటే, ఇదంతా చప్పుడు లేకుండా జరగొచ్చు. గాలి దారి మూసుకుపోయిన బిడ్డ ఏడవలేదు. పక్కనుంచి చూసేవాళ్లకు హాయిగా నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది.

నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, తక్కువ బరువుతో పుట్టినవాళ్లకు, కండరాల బలహీనత లేదా శ్వాస సమస్యలు ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. అందుకే అమెరికాలో చాలా ఆసుపత్రులు నెలలు నిండని బిడ్డను ఇంటికి పంపే ముందు కార్ సీటులో గంటన్నర, రెండు గంటలు కూర్చోబెట్టి గుండె వేగాన్ని, ఆక్సిజన్ స్థాయిని గమనిస్తాయి. మన దేశానికి ఈ సంగతి మరింత ముఖ్యం. 2020లో ప్రపంచవ్యాప్తంగా నెలలు నిండకుండా పుట్టిన 1.34 కోట్ల మంది పిల్లల్లో దాదాపు 30 లక్షల మంది భారత్‌లోనే పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ భాగస్వామిగా వేసిన అంచనా చెబుతోంది.

అధ్యయనాలు ఏం చెబుతున్నాయి?

2016లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 19 మంది నవజాత శిశువులను పరిశీలించారు. వారిలో నెలలు నిండకుండా పుట్టినవాళ్లు కూడా ఉన్నారు. కారు కుదుపులను అనుకరించే యంత్రం మీద, 40 డిగ్రీల వాలులో, 30 నిమిషాలు కూర్చోబెట్టారు. బల్లపరుపుగా పడుకున్నప్పటితో పోలిస్తే గుండె, శ్వాస వేగాలు పెరిగాయి, రక్తంలో ఆక్సిజన్ తగ్గింది. ఇది చిన్న అధ్యయనం. ఇందులో ఏ బిడ్డకూ హాని జరగలేదు. కానీ కార్ సీటులో సుదీర్ఘ ప్రయాణాలు పసికందులకు మంచివి కావన్న సలహాకు ఇది బలం చేకూర్చింది.

2019లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం ఇంకా పెద్దది. 2004 నుంచి 2014 వరకు నిద్రలో జరిగిన 11,779 శిశు మరణాలను అది విశ్లేషించింది. వాటిలో 348, అంటే 3 శాతం, కార్ సీట్లు, స్ట్రోలర్లు, ఊగే కుర్చీల వంటి 'కూర్చోబెట్టే సాధనాల్లో' జరిగాయి. ఆ 348లో దాదాపు 63 శాతం కార్ సీట్లలోనే.

అలాగని కార్ సీట్ ప్రమాదకరమైన వస్తువని అనుకోకూడదు. ఆ మరణాల్లో కార్ సీటును తయారీదారు చెప్పినట్టు వాడిన సందర్భాలు పది శాతం కూడా లేవు. కూర్చోబెట్టే సాధనాల్లో జరిగిన మరణాల్లో సగానికి పైగా బిడ్డ సొంత ఇంట్లోనే జరిగాయి. అంటే సమస్య ఎక్కువగా కారు ప్రయాణంలో కాదు, కారు దిగాక కూడా అదే సీటులో బిడ్డను నిద్రపోనివ్వడంలో ఉంది. తల్లిదండ్రులు కాకుండా ఆయాలు, సంరక్షకులు చూసుకుంటున్నప్పుడు ఇలాంటి మరణాలు జరిగే అవకాశం ఎక్కువని కూడా ఆ అధ్యయనం గుర్తించింది.

ఈ అంకెలకు ఒక పరిమితి ఉంది. ఇవి మరణాల లెక్కలు మాత్రమే. ఎంతమంది పిల్లలు రోజూ కార్ సీట్లలో నిద్రపోయి క్షేమంగా లేస్తున్నారో ఇవి చెప్పవు. ఒక్కో బిడ్డకు ఉండే ముప్పు చాలా తక్కువే. కానీ ఆ కాస్త ముప్పును కూడా బిడ్డను ఎత్తి పక్కన పడుకోబెట్టడమనే చిన్న పనితో తప్పించుకోవచ్చు.

బెల్టు వదులు చేస్తే మంచిదేనా?

కారు దిగి సీటును ఫ్రేమ్ మీద పెట్టగానే చాలామంది బెల్టులు వదులు చేస్తారు, లేదా కింది బకిల్ తీసేసి పైదాన్ని అలాగే వదిలేస్తారు. బిడ్డకు కాస్త హాయిగా ఉంటుందనే ఉద్దేశంతోనే ఆ పని చేస్తారు. ఫలితం మాత్రం వేరేలా ఉండొచ్చు. వదులైన బెల్టుల్లో బిడ్డ కిందికి జారుతుంది. జారినప్పుడు గడ్డం ఛాతీకి మరింత ఆనుకుంటుంది, లేదా పట్టీ మెడకు బిగుసుకుంటుంది.

2004-2008 మధ్య అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్‌కు అందిన 47 మరణాల వివరాలను వైద్యులు పరిశీలించి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. అవన్నీ బిడ్డలను కూర్చోబెట్టే, మోసుకెళ్లే సాధనాల్లో జరిగిన మరణాలే. వాటిలో 31 కార్ సీట్లలో జరిగాయి. ఆ 31లో సగానికి పైగా కారణం బెల్టు మెడకు బిగుసుకోవడం. కాబట్టి బిడ్డ సీటులో ఉన్నంతసేపూ, అది కారులో ఉన్నా ఫ్రేమ్ మీద ఉన్నా, బెల్టులు సరిగ్గా బిగించి ఉండాల్సిందే.

మరి ఈ అలవాటు ఎలా వచ్చింది?

బ్రిటన్‌లో ప్రామ్ అంటే ఒకప్పుడు చక్రాల మీద నడిచే మంచమే. లీడ్స్ నగరంలో 1877లో మొదలైన సిల్వర్ క్రాస్ వంటి కంపెనీలు చేసిన పెద్ద ప్రామ్‌లలో బిడ్డ బల్లపరుపుగా పడుకునేది. వాటిని ఇంటి గుమ్మంలోంచి లోపలికి తేవడమే కష్టం. 1965లో విమాన ఇంజినీర్ ఓవెన్ మెక్లారెన్ గొడుగులా మడిచే తేలికపాటి స్ట్రోలర్‌ను రూపొందించాక బరువు సమస్య తీరింది. తర్వాత కార్లు పెరిగాయి, కార్ సీట్లు తప్పనిసరి అయ్యాయి. కార్ సీటు, చక్రాలు రెండూ ఉన్నప్పుడు వాటిని కలిపితే సరిపోతుంది కదా అన్న ఆలోచన నుంచే ట్రావెల్ సిస్టమ్‌లు వచ్చాయి.

అవి నిలదొక్కుకోవడానికి బలమైన కారణమే ఉంది. కారులో నిద్రపోయిన బిడ్డను కదపకుండా, లేపకుండా సీటుతో సహా తీసి ఫ్రేమ్ మీద పెట్టేయొచ్చు. నిద్రపోయే బిడ్డను లేపకూడదన్న మాట మన ఇళ్లలోనూ వినేదే. పైగా క్యారీకాట్ ఐదారు నెలలకు మించి పనికిరాదు. దానికి వేరే డబ్బు ఎందుకన్న ఆలోచన సహజమే.

కానీ ఈ వస్తువులు తయారుచేసేవాళ్లే ఒక హెచ్చరిక రాయాలని ఐరోపా స్ట్రోలర్ భద్రతా ప్రమాణం ఈఎన్ 1888 చెబుతుంది. ఫ్రేమ్ మీద బిగించిన కార్ సీట్ పడకకు ప్రత్యామ్నాయం కాదని, బిడ్డకు నిద్ర అవసరమైతే తగిన ప్రామ్‌లోకో, మంచంలోకో మార్చాలని ఆ హెచ్చరిక సారాంశం. పెట్టెలో వచ్చే చిన్న పుస్తకంలో అది ఉంటుంది. ప్రకటనలో మాత్రం ఫ్రేమ్ మీది కార్ సీటులో హాయిగా నిద్రపోతున్న బిడ్డ బొమ్మ ఉంటుంది.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో సవరించిన నిద్ర మార్గదర్శకాలూ ఇదే మాట చెబుతాయి. కార్ సీట్లు, స్ట్రోలర్లు, ఊగే కుర్చీల వంటివి రోజువారీ నిద్రకు తగవు, ముఖ్యంగా నాలుగు నెలల్లోపు పిల్లలకు. అందులో బిడ్డ నిద్రపోతే, వీలైనంత త్వరగా గట్టిగా, సమతలంగా ఉన్న పడక మీదకు వెల్లకిలా మార్చాలి.

మన దగ్గర తలకిందులైన వాడకం

అమెరికా, బ్రిటన్‌లలో సమస్య కార్ సీటును కారు బయట ఎక్కువసేపు వాడటం. మన దేశంలో దీనికి ఇంకో కోణం తోడవుతోంది. ఇక్కడ చాలా ఇళ్లలో అదే సీటును ఇంట్లో పడకగా, ఊయలగా వాడతారు. కారు ఎక్కేటప్పుడు మాత్రం ఇంట్లోనే వదిలేసి బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు. అంటే ఎక్కడ ప్రాణం కాపాడుతుందో అక్కడ వాడటం లేదు, ఎక్కడ ముప్పు తెస్తుందో అక్కడ వాడుతున్నారు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 194బి ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్టు గానీ చైల్డ్ సీట్ గానీ లేకుండా వాహనం నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. పసిబిడ్డకు పెద్దల సీటు బెల్టు పనికిరాదు కాబట్టి చైల్డ్ సీట్ ఒక్కటే దారి. ఢీకొన్నప్పుడు ఎంత బలమైన చేతులైనా ఒళ్లో బిడ్డను పట్టి ఉంచలేవు.

దీనికి ఎదురు పొరపాటూ ఉంది. నిజమైన క్యారీకాట్‌ను, అంటే బల్లపరుపు బుట్టను, కారు సీటు మీద పెట్టి అందులో బిడ్డను పడుకోబెట్టడం. కారు వాడకానికి ప్రత్యేకంగా పరీక్షించి ఆమోదించినవి తప్ప, మామూలు క్యారీకాట్‌లు ప్రమాదంలో ఏ రక్షణా ఇవ్వవు.

అమెరికాలో కాన్పు సాయానికి వెళ్లే మన అమ్మమ్మలు, నానమ్మలకు ఈ విషయం ముందే తెలిస్తే మంచిది. కార్ సీట్ ఉందో లేదో చూశాకే బిడ్డను ఇంటికి పంపే ఆసుపత్రులు అక్కడ చాలా ఉన్నాయి. ఇంటికి చేరాక నిద్రలో ఉన్న బిడ్డను సీటులోంచి తీయాలని తల్లిదండ్రులు అంటే, 'ఎందుకు లేపడం' అని పెద్దవాళ్లు వారించడం సహజం. ఇక్కడ తల్లిదండ్రుల మాటే సరైనది.

కొనేటప్పుడు ఏం చూడాలి?

పేరు చూసి కాదు, ఆకారం చూసి నిర్ణయించుకోవాలి. వస్తువును చదునైన నేల మీద పెట్టి పక్కనుంచి చూడండి. వెన్నుభాగం ఏటవాలుగా, పిరుదుల దగ్గర లోతుగా ఉంటే, దాని మీద ఏం రాసి ఉన్నా అది కాట్ కాదు, సీటు.

కారులో వాడాలనుకుంటే భారత ప్రమాణం ఏఐఎస్-072 లేదా ఐక్యరాజ్యసమితి ప్రమాణాలు ఆర్44, ఆర్129లలో ఏదో ఒక ముద్ర ఉండాలి. ఏ ముద్రా లేకుండా, కారు బెల్టు వెళ్లే దారి కూడా లేకుండా 'కార్ సీట్' అని అమ్మేది కారులోనూ పనికిరాదు.

స్ట్రోలర్ కావాలంటే పుట్టినప్పటి నుంచి వాడదగినదో కాదో చూడాలి. ఫ్రేమ్‌కు బల్లపరుపు క్యారీకాట్ బిగించుకునే వీలుందా, లేదా స్ట్రోలర్ సీటే పూర్తిగా వెనక్కి వాలుతుందా అన్నది అడగండి. కారు బయట పెట్టినప్పుడు చదునుగా వాలే కార్ సీట్లు కూడా ఇప్పుడు వస్తున్నాయి. అయితే వాటి ధర ఎక్కువ, ఎంతసేపు వాడొచ్చో తయారీదారు సూచనలు చదవాలి.

రోజువారీ వాడకంలో

కారు దిగి క్లినిక్‌లోకి వెళ్లి పది, ఇరవై నిమిషాల్లో తిరిగి వచ్చే పనికి కార్ సీటును ఫ్రేమ్ మీద పెట్టుకోవడంలో తప్పు లేదు. బెల్టులు బిగించి ఉండాలి, ఫ్రేమ్ ఆ సీటుకు సరిపోయేదై ఉండాలి, బిడ్డ ముఖం మీకు కనబడుతూ ఉండాలి. సాయంత్రం వాకింగ్, మాల్‌లో రెండు గంటలు, పెళ్లిలో పూటంతా అయితే క్యారీకాట్ గానీ చదునుగా వాలే స్ట్రోలర్ గానీ కావాలి. ఏదీ లేకపోతే ఎత్తుకోవడమే మేలు.

ఎండ తగలకూడదని సీటు మీద పలచటి గుడ్డ కప్పడం మన దగ్గర మామూలే. దానివల్ల లోపల గాలి ఆడక వేడి పెరుగుతుంది, బిడ్డ ముఖమూ కనబడదు. నీడ కావాలంటే స్ట్రోలర్ పైకప్పు లేదా గొడుగు వాడాలి. సీటును సోఫా మీదో, మంచం మీదో పెట్టకూడదు. మెత్తదనానికి వాలు మారిపోతుంది, బోర్లా పడే ప్రమాదమూ ఉంది.

దూర ప్రయాణాలకు వేరే లెక్క కావాలి. పురిటికి పుట్టింటికి వెళ్లిన తల్లి, బిడ్డతో హైదరాబాద్ నుంచి విజయవాడకో, విజయవాడ నుంచి హైదరాబాద్‌కో తిరిగి రావాలంటే దాదాపు 270 కిలోమీటర్లు, ఐదు గంటలు. మొదటి వారాల్లో వీలైతే ఇలాంటి ప్రయాణం వాయిదా వేయడం మంచిది. తప్పకపోతే పసికందుతో అరగంట, ముప్పావు గంటకోసారి, కాస్త పెద్ద బిడ్డతో కూడా రెండు గంటలు దాటకుండా కారు ఆపి, బిడ్డను సీటులోంచి తీసి చదునుగా పడుకోబెట్టాలి. ఒక పెద్దవాళ్లు వెనుక సీటులో బిడ్డ పక్కన కూర్చోవాలి. పాలు పట్టాలన్నా కారు ఆగాకే బయటకు తీయాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే బయలుదేరే ముందు పిల్లల డాక్టర్‌ను అడగాలి.

బిడ్డను చూసుకునే ప్రతి ఒక్కరికీ, తాతయ్యకైనా ఆయాకైనా, నేర్పాల్సిన పరీక్ష ఒకటే. బిడ్డ గడ్డానికీ ఛాతీకీ మధ్య ఖాళీ ఉందా? కార్ సీటుకే కాదు, గుడ్డ లోతుగా వంగే చీర ఊయలకు, బిడ్డను ఒంటికి కట్టుకునే క్యారియర్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. ఖాళీ లేకపోతే, నిద్ర చెడినా సరే, వెంటనే ఎత్తి వెల్లకిలా పడుకోబెట్టాలి. చెడిన నిద్ర మళ్లీ పడుతుంది.